రెండున్నర కంపెనీల పోటీ.. నెల్లూరు తీరానికి దక్కిన సిగ్నల్ ఎంత?

నెల్లూరు: ఈ వార్తని మీరు ఫోన్‌లోనే చదువుతున్నారు కదా? ఒక్కసారి స్క్రీన్ పైన చూడండి. ఎన్ని గీతలున్నాయి? నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, మాగుంట లేఅవుట్‌లోనో ఉంటే 5జీ అని కనిపిస్తుంది. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు తూర్పుకి, మైపాడు దాటి సముద్రం పక్కనున్న పాలేల వైపు వెళ్తే సీన్ మారిపోతుంది. 5జీ కాస్తా 4జీ అవుతుంది, కొన్నిచోట్ల అదీ నిలవదు. "అన్నా, మాట సరిగ్గా వినపడలా, మిద్దెక్కి మాట్లాడతా ఉండు" అనే మాట తీరంలో ఎవరికి ఫోన్ చేసినా వినిపించేదే.

దేశంలో డేటా చవక. అందులో అనుమానం లేదు. మరి పోటీ అంత గట్టిగా ఉన్న దేశంలో కావలి నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న తీరానికి ఆ పోటీ ఎందుకు పూర్తిగా చేరలేదు? ఇప్పుడు కంపెనీలు తగ్గిపోయి రేట్లు పెరుగుతున్న టైంలో ఈ ప్రశ్న ఇంకాస్త ముఖ్యమైంది. తుఫాను హెచ్చరిక దగ్గర్నుంచి పింఛను దాకా అన్నీ ఫోన్ మీదకే వచ్చేశాయి మరి.

పది మంది నుంచి నలుగురికి..

కాస్త వెనక్కి వెళ్దాం. 2010 ప్రాంతంలో మన సర్కిల్‌లో ఎన్ని సిమ్‌లు దొరికేవో గుర్తుందా? ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, టాటా డొకోమో, రిలయన్స్, ఎయిర్‌సెల్, యూనినార్.. బడ్డీకొట్టు ముందు రంగురంగుల గొడుగులు వేసుకుని సిమ్‌లు ఊరికే ఇచ్చేవాళ్లు. సెకనుకి పైసా లెక్క వచ్చింది ఆ పోటీలోనే. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేయడంతో మొదటి దెబ్బ పడింది.

అసలు మలుపు 2016 సెప్టెంబరు 5. జియో వచ్చింది. నెలలపాటు డేటా ఫ్రీ, కాల్స్ ఎప్పటికీ ఫ్రీ. అప్పటిదాకా 1 జీబీకి 250 రూపాయల దాకా పెట్టినవాళ్లు ఉన్నారు. ఇవాళ 299 రూపాయల ప్యాక్‌లో రోజుకి 1.5 జీబీ చొప్పున 28 రోజులకి 42 జీబీ వస్తుంది. అంటే జీబీకి 7 రూపాయలు. దీన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన పనిలేదు. వేటకెళ్లే కుర్రాడు బోటులో కూర్చుని వీడియోలు చూస్తున్నాడంటే ఆ పోటీ పుణ్యమే.

అయితే ఆ దెబ్బకి మిగిలినవాళ్లు ఒక్కొక్కరూ పడిపోయారు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో మొబైల్ సేవలు ఆపేసింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. టెలినార్, టాటా మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒక్కటయ్యాయి. కలిసిన ఏడాదికే, 2019 అక్టోబరు 24న, ఏజీఆర్ బకాయిల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఆ కంపెనీ నడుం విరిచింది. ఇప్పుడు వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిది. బకాయిలు కట్టలేక వాటాలుగా మార్చి ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో మార్చింది ఒక్కటే 36,950 కోట్ల రూపాయలు.

ఇక నాలుగోది బీఎస్ఎన్ఎల్, అది ఎటూ సర్కారుదే. లెక్క చూస్తే దేశంలో ప్రతి నలుగురు మొబైల్ కస్టమర్లలో దాదాపు ముగ్గురు జియో, ఎయిర్‌టెల్ దగ్గరే ఉన్నారు. పేరుకి నలుగురు పోటీదారులు. నిజంగా పెట్టుబడి పెట్టి పరిగెత్తేది ఇద్దరు. మిగిలిన ఇద్దర్నీ కలిపి అర అనుకుంటే.. అందుకే హెడ్డింగ్‌లో రెండున్నర అన్నాం.

చవక డేటా.. ఖరీదైన సిమ్!

ఇక్కడే ఒక మెలిక ఉంది. డేటా ధర వేరు, ఫోన్‌ని బతికించుకునే ధర వేరు. పట్నంలో ఉద్యోగి జీబీల లెక్క చూస్తాడు. పాలెంలో ముసలావిడకి కావాల్సింది చెన్నైలో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే మోగడం. ఒకప్పుడు పది రూపాయల టాపప్‌తో సిమ్ నెలలు నడిచేది. 2018 చివర్లో పాత కంపెనీలు కనీస రీచార్జి పద్ధతి తెచ్చాయి. అప్పుడు 35 రూపాయలు. ఎయిర్‌టెల్‌లో అదే కనీస ప్యాక్ 2024 జూలైకి 199 అయింది. ఆరేళ్లు కాకముందే ఐదు రెట్ల పైమాట!

ఆ 2024 జూలై మొదటి వారం గుర్తుంది కదా. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ రోజుల తేడాలో రేట్లు పెంచాయి. జియోలో రోజుకి 1.5 జీబీ ఇచ్చే 239 ప్యాక్ 299కి వెళ్లింది. ముగ్గురూ మాట్లాడుకుని పెంచారని ఎవరూ నిరూపించలేదు. ఆ మాట మేమూ అనడం లేదు. పది కంపెనీలున్న రోజుల్లో ఒకరు పెంచితే మిగతావాళ్లు కస్టమర్లని లాక్కునేవాళ్లు. ఇప్పుడు ఒకరు పెంచితే పక్కవాళ్లూ పెంచుతారు. మార్కెట్లో ఇద్దరే మిగిలితే ఫోన్లో మాట్లాడుకోవాల్సిన అవసరం కూడా ఉండదు!

ఇంటి లెక్క ఒకటి వేద్దాం. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. 299 చొప్పున 3,887 రూపాయలు. ఇంట్లో రెండు ఫోన్లుంటే 7,774. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉన్నప్పుడు మత్స్యకార కుటుంబానికి రాష్ట్రం ఇచ్చేది 20 వేలు. అందులో ఐదింట రెండు వంతుల దాకా రీచార్జిలకే సరి. డేటా వద్దు, కాల్స్ చాలు అనుకునేవాళ్ల కోసం ట్రాయ్ 2024 డిసెంబరులో వాయిస్ ప్యాక్‌లు తప్పనిసరి చేసింది. 84 రోజులకి జియో 448, ఎయిర్‌టెల్ 469 అంటూ ప్యాక్‌లు తెచ్చాయి. ఒకేసారి అంత డబ్బు తీయగలిగితే ఇది మేలే. రోజు కూలి మీద బతికే ఇంట్లో అది కుదిరేది తక్కువ.

టవర్ వలయంలో సగం సముద్రమే

సరే, రేటు సంగతి అలా ఉంచండి. సిగ్నల్ ఎందుకు బలహీనం?

దీనికి కారణం మ్యాప్‌లోనే ఉంది. టవర్ పెడితే దాని చుట్టూ గుండ్రంగా కవరేజీ వస్తుంది. ఊరి మధ్యలో టవర్‌కి నాలుగు వైపులా కస్టమర్లు. ఒడ్డున పెట్టిన టవర్‌కి? సగం వలయం సముద్రంలో పడుతుంది. అటు కస్టమర్లు లేరు, వేళకి వచ్చిపోయే బోట్లు తప్ప. ఇటువైపు సగంలోనూ బకింగ్‌హామ్ కాలువ, ఉప్పు కయ్యలు, రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు. ఇళ్లు ఉండేది ఒకే గుత్తిగా. అదే ఖర్చు, సగానికి తక్కువ ఆదాయం. దానికి తోడు ఉప్పుగాలి. ఇనుము తుప్పు పట్టిపోతుంది, బ్యాటరీలు, కనెక్టర్లు త్వరగా పాడవుతాయి. లాభనష్టాలు చూసుకునే కంపెనీ ఇక్కడ రెండో టవర్ పెట్టమంటే ఎందుకు పెడుతుంది?

కృష్ణపట్నం చూడండి. పోర్టు ఉంది, థర్మల్ కేంద్రాలున్నాయి, లారీలు, ఉద్యోగులు ఉన్నారు. అక్కడ సిగ్నల్‌కి లోటు తక్కువ. అదే తీరంలో కొంచెం పైకి, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లోని చివరి పాలేలకు వెళ్తే ఇంట్లోకి సిగ్నల్ రావడమే గొప్ప. పోటీ అనేది డబ్బున్న చోటికి పరిగెడుతుంది. అది దాని తప్పు కాదు, దాని స్వభావం. ఆ మిగిలిన చోట్లకి సేవ చేర్చడానికే కంపెనీల ఆదాయంలోంచి 5 శాతం లెవీ తీసుకుని ఒక నిధి పెట్టారు. నిన్నటిదాకా దాని పేరు యూఎస్ఓ ఫండ్, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి.

ఇంకో సమస్య లెక్కల్లో ఉంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం శాఖకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి ఒకటే సర్కిల్! హైదరాబాద్ హైటెక్ సిటీ, ఇసకపల్లి పట్టపుపాలెం ఒకే లెక్కలో పడతాయి. సర్కిల్ సగటు తీస్తే అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. సగటులో పాలెం మునిగిపోతుంది.

ట్రాయ్ 2024 ఆగస్టులో కొత్త నాణ్యత నిబంధనలు తెచ్చింది. జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి నెట్‌వర్క్ పడిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకి వ్యాలిడిటీ పెంపు ఇవ్వాలంది. మంచి రూలే. కానీ అందులో రెండు మాటలు చూడండి. ఒకటి, జిల్లా స్థాయి. ఒక పాలెంలో మూడు రోజులు టవర్ పనిచేయకపోతే అది జిల్లా అంతరాయం కాదు. రెండోది, ప్రకృతి విపత్తు వల్ల పోతే ఈ పరిహారం వర్తించదు. నెల్లూరు తీరంలో నెట్‌వర్క్ పోయేదే తుఫానుకి కదా! ఎవరికైతే ఎక్కువ అవసరమో వాళ్లే రూలు బయట మిగిలారు.

తుఫానొచ్చిన రాత్రి ఏం జరుగుతుంది?

2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేముందు నెల్లూరు జిల్లాని ముంచెత్తింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా గోదావరి జిల్లాల దగ్గర తీరం దాటినా వాన ఇక్కడిదాకా కొట్టింది. ఇలాంటి రాత్రి ముందు పోయేది కరెంటు. టవర్ దగ్గర బ్యాటరీ ఉంటుంది, కొన్ని గంటలు లాగుతుంది. ఆ తర్వాత డీజిల్ జనరేటర్. డీజిల్ తెచ్చే బండికి దారి ఉండాలి. చెట్లు కూలి, వాగు పొంగితే బండి రాదు. అంటే టవర్ కూలనక్కర్లేదు, డీజిల్ అయిపోతే చాలు.

ఇంకోటి చాలామందికి తెలియదు. చాలాచోట్ల మూడు కంపెనీల యాంటెనాలు ఒకే టవర్ మీద ఉంటాయి. టవర్ కంపెనీ వేరు, అద్దెకి ఇస్తుంది. ఖర్చు తగ్గడానికి ఇది బాగుంది. కానీ ఆ టవర్ కరెంటు పోతే మూడు సిమ్‌లూ ఒకేసారి చచ్చిపోతాయి. జేబులో జియో, ఎయిర్‌టెల్ రెండూ పెట్టుకున్నా లాభం ఉండదు.

ఫైబర్ కథా అంతే. పెద్ద కేబుళ్లు సాధారణంగా హైవే, రైలు మార్గాల పక్కనే వెళ్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ తెగిపోయింది నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు. దారి ఒక్కటే అయినప్పుడు తీగలు ఎన్ని కంపెనీలవైతే ఏం?

దీనికి ఒక మందు ఉంది. పేరు ఇంట్రా సర్కిల్ రోమింగ్, ఐసీఆర్. విపత్తు వేళ టెలికాం శాఖ ఆదేశిస్తే ఏ కంపెనీ సిమ్ అయినా బతికున్న ఏ నెట్‌వర్క్ మీదైనా పనిచేస్తుంది. 2024 సెప్టెంబరు విజయవాడ వరదల్లో దీన్ని వాడారు. అంటే సాంకేతికంగా కుదురుతుంది, కంపెనీలు ఒప్పుకుంటాయి కూడా. మా మాట ఏంటంటే, ఒకే ఒక్క కంపెనీ సిగ్నల్ అందే తీర గ్రామాలకి ఐసీఆర్ తుఫాను రోజే ఎందుకు? ఏడాది పొడుగునా ఎందుకు ఉండకూడదు? వాడుకున్నదానికి ఒక కంపెనీ ఇంకో కంపెనీకి డబ్బు కడుతుంది. పోటీ దెబ్బతింటుందని కంపెనీలు అంటాయేమో. పోటీయే లేని చోట దెబ్బతినడానికి ఏముంది?

బీఎస్ఎన్ఎల్ తిరిగొచ్చిందా?

2019 నుంచి మూడు విడతల్లో కేంద్రం బీఎస్ఎన్ఎల్‌కి 3 లక్షల 20 వేల కోట్ల రూపాయలకు పైగా ప్యాకేజీలు ప్రకటించింది. 78 వేల మందికి పైగా ఉద్యోగులు వీఆర్ఎస్ తీసుకుని వెళ్లిపోయారు. 4జీ మాత్రం ఏళ్లు ఆలస్యమైంది. చివరికి టీసీఎస్, తేజస్, సీడాట్ కలిసి చేసిన స్వదేశీ పరికరాలతో 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని మోదీ దేశవ్యాప్త 4జీని ప్రారంభించారు. 97,500కు పైగా టవర్లు. ప్రైవేటు కంపెనీలు 2022 అక్టోబరులోనే 5జీ మొదలుపెట్టాయి, అది వేరే విషయం.

ఆలస్యమైనా తీరానికి దీంట్లో ఒక లాభం ఉంది. బీఎస్ఎన్ఎల్ చేతిలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలు దాటతాయి. విడివిడిగా ఉన్న పాలేలకి, ఒడ్డుకి కాస్త దూరంలో వేట చేసే బోట్లకి సరిగ్గా కావాల్సింది అదే. 2024 జూలైలో రేట్లు పెరిగినప్పుడు లక్షలమంది బీఎస్ఎన్ఎల్‌కి మారారు, సిగ్నల్ చాలక కొందరు వెనక్కి వచ్చారు. రేటు చవగ్గా ఉంచి సిగ్నల్ ఇవ్వకపోతే అది పోటీ కాదు. ఈ 4జీ టవర్లకి సరిపడా ఫైబర్, బ్యాటరీలు, చూసుకునే మనుషులు ఉంటేనే ఆ 'అర' కాస్తా మూడో పోటీదారు అవుతుంది.

స్తంభాల మీద ఫైబర్.. 149 రూపాయల కల

నెల్లూరు పల్లెల్లో ఇంకో తీగ కనిపిస్తుంది, కరెంటు స్తంభాల మీద. ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్. భూమి తవ్వితే వేల కోట్లు అవుతుందని స్తంభాల మీద దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు, ఖర్చు వందల కోట్లలో తేలిపోయింది. ఐడియా నిజంగా తెలివైనదే. జియో ఇంటింటికీ ఫైబర్ ఇవ్వకముందు రాష్ట్ర ప్రభుత్వం చేసిన పని అది.

తర్వాత ఏమైందో తెలిసిందే. రేట్లు పెరిగాయి, బాక్సుల కొరత వచ్చింది, టెండర్ల మీద సీఐడీ కేసులు, సర్కార్లు మారినప్పుడల్లా ఆరోపణలు. 2025 ఫిబ్రవరిలో చైర్మన్ జీవీ రెడ్డి అధికారులతో గొడవపడి రాజీనామా చేశారు. ఎవరిది తప్పు అనే చర్చ టీవీల్లో గంటలు గంటలు నడిచింది, మా దగ్గరా నడిచింది. కానీ ఆ గొడవలో మరుగున పడ్డ ప్రశ్న ఇంకోటి. తుఫాను తీరంలో స్తంభం పడితే తీగా పడుతుంది. చవక ఫైబర్‌కి ఆ ధర ఎప్పుడో ఒకప్పుడు కట్టాల్సిందే. కనీసం ఒడ్డున ఉన్న మండలాల్లో ముఖ్యమైన లైన్లయినా భూమిలోకి దించే పని ఎవరి ఎజెండాలోనూ పెద్దగా వినిపించదు.

ఇలాంటి ప్రయోగం మనమొక్కరమే చేయలేదు. కేరళ 2023 జూన్‌లో కేఫాన్ తెచ్చింది. మెక్సికో అయితే ఇంకో అడుగు వేసి, ఒకే హోల్‌సేల్ మొబైల్ నెట్‌వర్క్ కట్టి ఏ కంపెనీ అయినా అద్దెకి తీసుకోవచ్చంది. కొన్నేళ్లకే ఆ సంస్థ దివాలా కోర్టుకి వెళ్లింది, ప్రభుత్వమే మెజారిటీ వాటా తీసుకోవాల్సి వచ్చింది. నెట్‌వర్క్ కట్టడం ఒక ఎత్తు, దాన్ని అమ్ముకోవడం ఇంకో ఎత్తు.

రొయ్యల గుంట దగ్గర 2జీ ఎందుకు?

నెల్లూరు తీరంలో ఫోన్ మీద ఎక్కువగా ఆధారపడ్డ వ్యాపారం రొయ్యలు. ఏ కౌంట్ రేటు ఎంత అనేది పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. నీళ్ల పరీక్ష రిపోర్టు ఫొటో తీసి టెక్నీషియన్‌కి పంపుతారు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. గంటల్లో లక్షల సరుకు తేలిపోతుంది. అందుకే చాలామంది మోటార్లకి సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్లు పెట్టుకున్నారు.

ఈ స్టార్టర్లు చాలావరకు పాత 2జీ మీద నడుస్తాయి. జియోకి 2జీ లేదు. 2జీని తీసేయాలని ఆ కంపెనీ చాలాకాలంగా అంటోంది. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ ఇంకా నడుపుతున్నాయి. వీఐ ఆర్థికంగా పడిపోతే, మిగిలినవాళ్లు 4జీ, 5జీకి స్పెక్ట్రం కావాలని 2జీ తగ్గిస్తే, గుంట గట్టు మీదున్న ఆ డబ్బా మూగబోతుంది. ఢిల్లీలో జరిగే స్పెక్ట్రం చర్చకి అల్లూరు రొయ్యల రైతుకి ఏం సంబంధం అంటే, ఇదే సంబంధం.

సముద్రంలో అయితే లెక్క వేరు. ఒడ్డు నుంచి కొన్ని కిలోమీటర్లు దాటాక ఏ కంపెనీ సిగ్నలూ ఉండదు. అక్కడ పనికొచ్చేది ఉపగ్రహమే. లక్ష బోట్లకి ఇస్రో ట్రాన్స్‌పాండర్లు పెట్టే 364 కోట్ల రూపాయల పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రారంభించారు. వాతావరణ హెచ్చరికలు బోటుకి చేరతాయి, ఆపదలో ఉంటే బోటు నుంచి సందేశం పోతుంది. ఇక స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్స్ వచ్చింది. అంతకు ముందే మార్చిలో ఎయిర్‌టెల్, జియో రెండూ ఆ కంపెనీతో ఒప్పందాలు చేసుకున్నాయి. కొత్త పోటీదారు వస్తాడనుకుంటే పాత ఇద్దరి దుకాణంలోనే సరుకుగా వచ్చేలా ఉన్నాడు!

అటు విశాఖకి గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్, దాంతోపాటు సముద్రం అడుగు కేబుళ్లు తెస్తామని 2025 అక్టోబరు 14న ప్రకటించింది. ఇటు చెన్నైలో ఎప్పటినుంచో అంతర్జాతీయ కేబుళ్లు ఒడ్డుకి చేరుతున్నాయి. ఈ రెండింటి మధ్యలో నెల్లూరు. ప్రపంచ డేటా మన తీరం పక్కనుంచే పోవచ్చు. కానీ మైపాడులో వీడియో ఆగి ఆగి ఆడటానికి కారణం సముద్రంలో కేబుల్ లేకపోవడం కాదు, ఊరి టవర్‌కి ఫైబర్ చేరకపోవడం, బ్యాటరీ చాలకపోవడం.

మీరు చేయగలిగింది

ట్రాయ్ రూలు ప్రకారం ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో 2జీ, 4జీ, 5జీ కవరేజీ మ్యాప్ పెట్టాలి. మీ పాలెం అక్కడ రంగులో కనిపిస్తూ, ఇంట్లో సిగ్నల్ రాకపోతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి, తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి. నంబరు మార్చకుండా కంపెనీ మారాలనుకుంటే, ముందు పక్కింటివాళ్ల ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ ఇంటి లోపల ఎలా ఉందో చూసుకున్నాకే పోర్ట్ పెట్టండి. తుఫాను వేళ ఐసీఆర్ ఆన్ చేశారని ప్రకటన వస్తే, మీ ఫోన్ తనంతట తాను వేరే నెట్‌వర్క్ పట్టుకోకపోతే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి 'ఆటోమేటిక్' తీసేసి, జాబితాలో కనిపించే ఇంకో కంపెనీ పేరు మీద నొక్కండి. పవర్‌బ్యాంకు మాత్రం ముందురోజే చార్జింగ్ పెట్టుకోవాలి.